అంగుస్తానా

జూన్ ఎండ. ఎర్రమన్ను. అయిదడుగుల చదరం.
నాది జల్లెడ పని.

పైన గుట్టమీద తెల్ల స్తంభాల ఇల్లుంది.
టిక్కెట్టు కొన్నవాళ్ళకి అక్కడ
దొరగారి ఈక కలం అద్దం వెనక కనిపిస్తుంది.
కొత్త దేశపు సభలో గంటలకొద్దీ మాట్లాడిన మనిషి,
స్వేచ్ఛ అన్న మాటని ఎప్పుడూ
కాస్త పెద్దగా రాసేవాడట.

మేం వాలు కింద, పొగాకు మళ్ళు అయిపోయి
వాగు మొదలయ్యే చోట ఉన్నాం.
ఇక్కడ ఇళ్ళుండేవంటే
దారి తప్పి వచ్చిన పర్యాటకులు
చుట్టూ చూసి, ఎక్కడ? అంటారు.
గోడల్లేవు. పొయ్యి కాలిన మచ్చ ఒకటి,
మట్టిలో మట్టి రంగు కొంచెం మారిన చోటు,
అదే ఇల్లు.

ఆ ఇంట్లో నేలకింద ఒక గుంట.
చిలగడదుంపలు దాచుకోవడానికని పుస్తకాలంటాయి.
నిన్నటిదాకా అది మాకిచ్చినవి
ఆల్చిప్పలు, పంది దవడ,
పంటిగాటు పడిన మట్టిపైపు ముక్క,
ఒక నీలం పూస.
పూస దొరికిన రోజు ఎవరూ సరిగా భోజనం చెయ్యలేదు.

ఇవాళ మూడో బకెట్టు.
జల్లెడ ఊపితే గులకరాళ్ళ మధ్య
ఒకటి మాత్రం వేరేగా మోగింది.
ఉమ్మి తడితో తుడిచాను (తుడవకూడదు, తెలుసు).
ఒళ్ళంతా చుక్కల గుంటలతో
వేలికి తొడిగే ఇత్తడి టోపీ.

డెల్ఫీన్ చిట్టా నకలు తీసింది.
దొరగారికి లెక్కంటే ప్రాణం.
ఏ తారీఖున పీచ్ పూసింది, ఎన్ని అంగుళాల వాన,
ఎవరికి ఎన్ని గజాల ముతక గుడ్డ,
అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో.
పదిహేడు వందల తొంభైరెండు, నవంబరు:
"కుట్టుగదిలో ఇత్తడి అంగుస్తానా ఒకటి పోయినది.
వెల నాలుగు పెన్నీలు. డోర్కస్ ఒప్పుకొనలేదు."
దాని కింది పద్దు:
"డోర్కస్ కూతురిని దిగువ ఎస్టేటుకు పంపడమైనది."
దాని కిందిది:
"తెల్ల ద్రాక్షసారా, రెండు పీపాలు."
మూడూ ఒకే సిరా. చెయ్యి వణకలేదు.

దొరికేసింది! అని గంతేశాడు మా కుర్ర విద్యార్థి,
రెండువందల ముప్ఫై ఏళ్ళ దొంగతనం తేలిపోయిందని
సంచి మీద "దొంగసొత్తు" అని రాయబోయాడు.

మడతకుర్చీలోంచి ఓర్లీన్ గాస్కిన్స్
పెన్సిల్ దించు నాయనా, అంది.
డెబ్భైరెండేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపింది,
పిల్లల్ని ఎలా ఆపాలో తెలుసు.
ప్రతి మంగళవారం వస్తుంది.
డోర్కస్ ఆమెకి తల్లివైపు ఏడోతరం.
గుట్టమీదికి ఒక్కసారి చూసింది,
ఏదీ అనలేదు.
చెయ్యి చాపింది.

చిటికెన వేలి గోరు కూడా దాటలేదు.
ఇది పెద్దవాళ్ళది కాదు, అంది.
ఎండకి పట్టి తిప్పి తిప్పి చూసింది.
నేను గమనించనిది ఆమె చూసింది.
టోపీ నెత్తిన, సరిగ్గా మధ్యలో,
మేకుతో పొడిచిన గాటు.
తాడు దూర్చి మెడలో వెయ్యడానికి
బెజ్జం చెయ్యబోయారు ఎవరో.
సగం దిగింది.
ఇత్తడి పగల్లేదు.
అక్కడికే ఆగిపోయింది.

కాసేపు అందరం వాగు వింటున్నట్టు నటించాం.

మా ఫారంలో వస్తువు, పదార్థం, లోతు,
మట్టిరంగుకి ఒక అంకె, వీటన్నిటికీ గడులున్నాయి.
ఎవరిది అన్న గడి లేదు.
డెల్ఫీన్ "స్థితి" దగ్గర
"పని పూర్తికాలేదు" అని రాసి,
కొట్టేసి,
మళ్ళీ అదే రాసింది.

మరి సూదో? అంది ఓర్లీన్.

ఇనుము, నిలవదు, తుప్పయి మట్టిలో కలిసిపోతుంది,
అని చెప్పబోయి
జల్లించి పోసిన కుప్ప దగ్గరికి వెళ్ళాను.
పొద్దు వాలేదాకా మళ్ళీ జల్లించాను,
సన్న జల్లెడతో, గుప్పెడు గుప్పెడు.
దొరకలేదు.
ఇంటికెళ్ళి చొక్కా విప్పితే
మోచేతి దగ్గర గోధుమరంగు గీత,
వేలెడు పొడుగు.
ఉతకడానికి మనసొప్పలేదు.